కడుపుతో లేని సీసా

ఆ ప్రసూతి ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మను ఎరగనివాళ్లు ఉండొచ్చు గానీ సీసాలమ్మను ఎరగనివాళ్లు లేరు. కింది అంతస్తులో, మెట్ల పక్కనున్న పరీక్షల గది ఆవిడది. ఆ గదికి వరండావైపు ఒక కిటికీ, కిటికీకి చిన్న బల్ల, బల్ల మీద ఎర్రమూతల ప్లాస్టిక్ సీసాలు. ఇరవయ్యారేళ్లుగా ఆవిడ ఆ కిటికీలోంచి ఖాళీ సీసాలు ఇస్తోంది, నిండినవి పుచ్చుకుంటోంది. రక్తం తీసేదీ ఆవిడే. అయినా సూదమ్మ అనే పేరు రాలేదు. సూది గుచ్చేటప్పుడు ఆవిడ నోరు విప్పదు, సీసా ఇచ్చేటప్పుడు నోరు మూయదు. మనుషులు నొప్పిని మరిచిపోతారు గానీ ఉపన్యాసాన్ని మరిచిపోరు.

ఉపన్యాసం ఎప్పుడూ ఒకటే. "మొదట వచ్చేది వదిలెయ్యాలి. ఆఖర్న వచ్చేదీ వదిలెయ్యాలి. మధ్యలోది పట్టాలి. సీసాలో వేలు పెట్టకూడదు. మూత నేలమీద పెట్టకూడదు. సగం చాలు. నిండా నింపి తెస్తే ఇక్కడ బహుమతులేం ఇవ్వం."

ఇంట్లోనూ అదే వరస. టీ కానీ నూనె కానీ, కాస్త రంగున్న ద్రవం ఏది చేతికొచ్చినా ముందు వెలుగుకి ఎత్తి చూస్తుంది. ఒకసారి ఎవరి పెళ్లిలోనో పళ్లరసం గ్లాసును అలాగే ఎత్తి, "కొంచెం మడ్డి ఉంది" అన్నది. ఆ బల్ల దగ్గరున్న నలుగురూ గ్లాసులు కింద పెట్టేశారు. గడియారాలు బాగుచేసే ఆవిడ మొగుడు ఆనాటి నుంచి ఆవిణ్ణి విందులకు తీసుకువెళ్లడం మానేశాడు. "నువ్వు చూస్తే మంచినీళ్లకి కూడా రోగం అంటుకుంటుందే" అంటాడు. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? ఎవరైనా కరచాలనానికి చెయ్యి చాపితే ముందు ఆ మనిషి గడియారాన్ని చెవికి ఆనించుకుంటాడు. ఇద్దరూ ఇద్దరే.

పెద్ద డాక్టరమ్మ కిందటేడు బదిలీ మీద వచ్చింది. వస్తూనే ఒక కొత్త పద్ధతి పెట్టింది. ఇదివరకు కడుపు పోయినవాళ్లకీ, నెలలు నిండకుండా కన్నవాళ్లకీ చీటీ మీద ఎర్ర బిళ్ల అంటించాలి. ఎర్ర బిళ్ల ఉంటే రక్తంలో దాక్కునే జబ్బులన్నీ వెతకాలి. మూత్రాన్ని ఒకసారి చూసి పారబోయకుండా గాజుపళ్లెంలో వేసి, రెండు రోజులు వెచ్చగా ఉంచి, అందులో సూక్ష్మజీవులు ఏవైనా పెరుగుతాయేమో చూడాలి. మంట లేదన్నా, జ్వరం లేదన్నా చూడాల్సిందే.

"ఏ బాధా లేనివాళ్లకి ఇన్ని పరీక్షలెందుకండీ? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అని సీసాలమ్మ అడిగింది. ఉన్న పనికే చేతులు చాలడం లేదని ఆవిడ గొడవ.

"జ్వరంతో వచ్చే జబ్బుకి మర్యాద తెలుసు. చెప్పి వస్తుంది. చెప్పకుండా కూర్చునేదే బిడ్డని తొందరగా బయటికి తోసేది. ఒకసారి దెబ్బ తిన్నవాళ్ల దగ్గర మనం అది చెప్పేదాకా ఆగకూడదు" అన్నది పెద్ద డాక్టరమ్మ.

సీసాలమ్మ నాలుగు రోజులు సణిగింది. అయిదోరోజు నుంచి ఎర్ర బిళ్లల సీసాలకి వేరే అర కేటాయించి, ఆ అర మీద ఎవరైనా చెయ్యి వేస్తే కసిరేది.

ఒకనాటి ఉదయం ఆ కిటికీ దగ్గరికి ఒక అత్తా కోడలూ వచ్చారు. అత్తగారు దర్జీ. మెడలో కొలతల టేపు వేళ్లాడుతూనే ఉంది, రవికెకి రెండు గుండుసూదులు గుచ్చే ఉన్నాయి. కోడలికి బస్టాండులో టికెట్ల కౌంటరు ఉద్యోగం. నాలుగో నెల. చీటీ మీద ఎర్ర బిళ్ల ఉంది, దాని కింద రెండు ముక్కలు: రెండేళ్ల కిందట ఏడోనెల కాన్పు, బిడ్డ రెండు రోజులుండి పోయింది.

సీసాలమ్మ కోడలి చేతిలోంచి రక్తం తీసింది, మాట్లాడలేదు. సీసా ఇచ్చింది, ఉపన్యాసమూ ఇచ్చింది. కోడలు తలవంచుకుని విన్నది. అత్తగారు మాత్రం ప్రతి మాటకీ తలాడించింది. అప్పుడే అనుమానించాల్సింది. విననివాళ్లే అంత బాగా తలాడిస్తారు.

ఆ ఆసుపత్రి వరండాలో ఆడవాళ్లకి ఉన్న మరుగుదొడ్డి ఒక్కటే. బయట ఎప్పుడూ పదిమంది వరస. లోపల మనిషి రెండు నిమిషాలు దాటి ఉంటే తలుపు మోగుతుంది. ముప్పావుగంట గడిచాక అత్తగారు సీసా పట్టుకొచ్చింది. శుభ్రంగా తుడిచి, లైనింగు గుడ్డ ముక్కలో చుట్టి, దారంతో ముడి వేసి, రెండు చేతులతో అందించింది. అంచులదాకా నిండి ఉంది.

"సగం చాలన్నాను కదమ్మా" అన్నది సీసాలమ్మ.

"పోనిద్దురూ, తక్కువైతే మీరు ఇబ్బంది పడతారని" అన్నది అత్తగారు.

సీసాలమ్మ రంగుల కాగితం ముంచి చూసింది. చక్కెర ఉంది, బాగానే ఉంది. మైక్రోస్కోపు కింద చీము కణాలేవీ లేవు. ఇంతలో కోడలి రక్తంలో చక్కెర లెక్క తేలింది, అది మామూలుగానే ఉంది. రక్తంలో పెరగని చక్కెర మూత్రంలోకి ఏ దారిన వచ్చినట్టు? కడుపుతో ఉన్నప్పుడు కొందరికి అలా పోవడం కద్దు. ఇంకో రోజైతే అదే అనుకుని రాసేసేది. కానీ ఆ నిండు సీసా ఆవిడ మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఇరవయ్యారేళ్లలో కడుపుతో ఉన్న మనిషెవరూ సీసాను అంత గర్వంగా నింపలేదు.

సొరుగు లాగి, కడుపు వచ్చిందో లేదో తేల్చే పట్టీ ఒకటి తీసింది. ఆ సీసాలో ముంచి గోడ గడియారం వంక చూస్తూ కూర్చుంది. అయిదు నిమిషాలయ్యాక పట్టీ మీద తేలింది ఒక్క గీత. పట్టీ పాడైందేమోనని ఇంకోటి ముంచింది. అదీ ఒక్క గీతే. కిటికీ బయట నాలుగోనెల కోడలు బెంచీ మీద కూర్చుని కనిపిస్తూనే ఉంది.

"ఈ సీసా కడుపుతో లేదు" అన్నది సీసాలమ్మ, గదిలో ఎవరూ లేకపోయినా పైకే.

అత్తాకోడళ్లను లోపలికి పిలిచి తలుపు వేసింది. సీసాను బల్ల మధ్యలో పెట్టింది.

"ఇది ఎవరిది?"

"మా కోడలిదే" అన్నది అత్తగారు.

"మీ కోడలికి నాలుగో నెల. ఈ సీసాకి ఏ నెలా లేదు."

అత్తగారు మెడలోని టేపు సవరించుకుంది. కోడలు కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీయడం మొదలుపెట్టింది. ఆ గది నేల బండలది కాబట్టి గీతలేవీ పడలేదు.

ముందు అత్తగారే తేరుకుంది. తప్పు ఒప్పుకోవడం చేతకానివాళ్లు న్యాయం మాట్లాడతారు, ఆవిడా అదే మాట్లాడింది. "ఒక ఇంట్లో ఉంటాం. ఒకే బిందెలో నీళ్లు తాగుతాం, ఒకే గిన్నెలో కూర తింటాం. నాదైతే ఏంటి, దానిదైతే ఏంటి అక్కా? పిల్లకి బయట ఎవరైనా నుంచుంటే రాదు, చిన్నప్పట్నుంచీ అంతేనట. లోపల అరగంట కూర్చుంది. వీళ్లేమో తలుపు బాదేస్తున్నారు. అది ఏడుపు మొహం పెట్టుకుని బయటికొచ్చింది. నాకెలాగూ వస్తోంది కదా అని..."

"మీకు వస్తూనే ఉంటుందా?"

"రాత్రి నాలుగుసార్లు లేస్తాను. ఏం, అదీ తప్పేనా?"

"దాహం?"

"మిషను పక్కన చెంబు చాలక బిందె పెట్టుకున్నాను."

"బరువు తగ్గారా?"

"అందరూ మెచ్చుకుంటున్నారు" అన్నది అత్తగారు, కాస్త సిగ్గుపడుతూ.

సీసాలమ్మకి నవ్వాలో కసరాలో తెలియలేదు. అందుకని రెండూ చేసింది. అత్తగారి చెయ్యి లాగి రక్తం తీసింది. అందులో చక్కెర దండిగా ఉంది. కోడలి పేరుతో వచ్చి తన రోగం తేల్చించుకుపోయిన మనిషి ఆ ఆసుపత్రి చరిత్రలో ఈవిడొక్కతే.

ఇక మిగిలింది అసలు సీసా. సీసాలమ్మ గది వెనక ఆవిడ సొంత మరుగుదొడ్డి ఒకటుంది. దాని తాళంచెవి ఇరవయ్యారేళ్లలో పెద్ద డాక్టర్లకి కూడా ఇవ్వలేదు. అది తీసి కోడలి చేతిలో పెట్టింది. అత్తగారిని, "మీరు గేటు దాకా వెళ్లి అక్కడే నుంచోండి. నేను పిలిచేదాకా రావద్దు, దగ్గొద్దు" అని తరిమింది. కొళాయి సన్నగా వదిలింది. కిటికీ మూసి దాని మీద చెయ్యి ఆనించి నుంచుంది. బయట వరసలోని ఆడవాళ్లు కిటికీ కొట్టారు, పిలిచారు, తిట్టారు. ఆవిడ చెవిన పెట్టలేదు.

"తొందరేం లేదు తల్లీ. కౌంటరు దగ్గర ఎలా మరి?" అని తలుపు అవతలికి అడిగింది.

"అక్కడి తాళంచెవి సూపర్‌వైజరు దగ్గరుంటుంది ఆంటీ. వెళ్లి అడగాలి. అందుకే నీళ్లు తాగను" అని లోపల్నుంచి చిన్న గొంతు వచ్చింది.

గంటంబావు పట్టింది. కోడలు సీసాతో బయటికొచ్చి, "సగమే వచ్చిందండీ" అన్నది.

"సగమే అడిగాను" అన్నది సీసాలమ్మ.

ఆ సగం సీసాలోది ఆవిడ మైక్రోస్కోపు కింద రెండుసార్లు చూసింది. చీము కణాలు లెక్కకు అందనన్ని ఉన్నాయి. పిల్లకి మంట లేదు, జ్వరం లేదు, నడుంనొప్పి లేదు. పెద్ద డాక్టరమ్మ చెప్పిన మర్యాద తెలియని జబ్బు ఇదే. గాజుపళ్లెంలో వేసి వెచ్చటి పెట్టెలో పెట్టింది. రెండు రోజుల తర్వాత రమ్మని పంపించింది.

వాళ్లు వెళ్లాక ఆవిడకి ఒక గుడ్డ గుర్తొచ్చింది. లైనింగు గుడ్డ, దారంతో ముడి. ఎక్కడో చూసిన ముడి. గుర్తుకు రాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది. అయినా బీరువా తెరిచి రెండేళ్ల కిందటి రిజిస్టరు దించింది. దుమ్ము దులిపి, తారీకుల వెంట వేలు జరుపుకుంటూ పోయింది. ఒకచోట వేలు ఆగింది. అదే పిల్ల, అప్పటికి ఆరో నెల. చీము కణాలు లేవు. చక్కెర రెండు ప్లస్సులు. పక్కన ఎవరో డాక్టరు రాసిన మాట: రక్తంలో చక్కెర మామూలే, ఫరవాలేదు. కింద తన సంతకం, పొందికగా, తోక తిప్పి మరీ.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. సీసాల పనిలో ఉన్నవాళ్లకి ఆ సామెత ఇంకొకరు చెప్పక్కర్లేదు. కానీ రెండేళ్లు నిలవడం మరీ ఎక్కువ. అప్పుడూ ఆ సీసా నిండే వచ్చి ఉంటుంది. అప్పుడూ సగం చాలన్నానే అని విసుక్కునే ఉంటుంది. ఒక్క పట్టీ ముంచి ఉంటే? ఆ రోజు ఎర్ర బిళ్ల లేదు, గాజుపళ్లెం పరీక్ష లేదు, ఆ పిల్లకి అదే మొదటి కాన్పు. సాకులు చాలానే ఉన్నాయి, అన్నీ న్యాయమైనవే. అయినా ఆ పూట ఇంట్లో ఆవిడ టీ గ్లాసు వెలుగుకి ఎత్తకుండానే తాగేసింది. మొగుడు అది చూసి, గడియారం విప్పుతున్నవాడల్లా చేతిలో పని ఆపి, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

రెండు రోజులకి పళ్లెం నిండా చుక్కలు చుక్కలుగా సూక్ష్మజీవులు పెరిగాయి. పెద్ద డాక్టరమ్మ కడుపుతో ఉన్నవాళ్లకి ఫరవాలేని మందు చూసి వారానికి రాసింది. మందు అయ్యాక మళ్లీ సీసా ఇవ్వాలని, తగ్గినా సరే కాన్పు దాకా ప్రతి నెలా ఇవ్వాలని చెప్పింది. కోడలు ఆ కాగితం పట్టుకుని పరీక్షల గదిలోకి వచ్చింది. వెనకే అత్తగారు. ఆవేళ మెడలో టేపు లేదు.

"అక్కా, ఒక మాట అడగనా?" అన్నది అత్తగారు. గొంతు ఎండిపోయి ఉంది, అది చక్కెర వల్ల కాదు. "పోయినసారి కూడా నేనే..."

సీసాలమ్మకి ఏం చెప్పాలో ముందే తెలుసు. లేదమ్మా, దానికీ దీనికీ సంబంధం లేదు అనేస్తే చాలు. అత్తగారు ఇంటికి వెళ్లి నిద్రపోతుంది. తన సంతకమూ బీరువాలో నిద్రపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇన్నాళ్లూ ఉపన్యాసం ఇచ్చిన నోటికి ఒక్క అబద్ధం పెద్ద పనేం కాదు.

కానీ ఆవిడ రిజిస్టరు తీసి బల్ల మీద పరిచింది.

"మీరే ఇచ్చారు. ఇదిగో చక్కెర, ఇది మీది. కింద సంతకం నాది. పాతికేళ్లు దాటని పిల్ల సీసాలో ఇంత చక్కెర ఎందుకుందో నేను అడగలేదు. అడగడం నా పని."

"దానివల్లేనా బిడ్డ..."

"తెలియదు. ఆ రోజు పిల్లదే చూసి ఉంటే తెలిసేది. చూడలేదు. నాకు తెలిసింది ఇంతే. ఎక్కువ చెబితే అబద్ధం, తక్కువ చెప్పినా అబద్ధమే."

అత్తగారు ఏడ్చింది. గట్టిగా కాదు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఊపిరి అందనట్టుగా. అంత మంచి మనసుతో చేసిన పని ఇలా తిరిగి తగులుతుందని ఎవరనుకుంటారు? సీసాలమ్మ కళ్లూ తడి అయ్యాయి. వాటిని దాచుకోవడానికి సీసాల మూతలు బిగించడం మొదలుపెట్టింది, అవన్నీ బిగించే ఉన్నాయి.

కోడలు అప్పటిదాకా గోడకి ఆనుకుని నుంచుంది. వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. "ఖాళీ సీసా మీ చేతిలో పెట్టింది నేను అత్తయ్యా. రెండుసార్లూ నేనే పెట్టాను" అన్నది. బయటివాళ్ల చేతుల కింద కిటికీ మోగుతూనే ఉంది.

ఆ మర్నాటి నుంచి బస్టాండులో ఒక మార్పు వచ్చింది. అత్తగారు సూపర్‌వైజరును కలవడానికి వెళ్లింది. కుట్టుపని మధ్యలో లేచి వెళ్లింది కాబట్టి పెద్ద కత్తెర చేతిలోనే ఉండిపోయిందట. దాన్ని ఎత్తలేదు, ఊపలేదు, అక్కడి బల్ల మీద మర్యాదగా పెట్టి మాట్లాడిందట. ఇప్పుడు మరుగుదొడ్డి తాళంచెవి కౌంటరు పక్కన మేకుకి వేళ్లాడుతోంది. కోడలి కుర్చీ కింద రెండు లీటర్ల నీళ్ల సీసా ఉంటుంది, మధ్యాహ్నానికి అది ఖాళీ కావాలి. ఖాళీ అయిందో లేదో అత్తగారు ఫోను చేసి కనుక్కుంటుంది.

నెలనెలా అత్తాకోడళ్లు ఆసుపత్రికి వచ్చేవారు. కోడలు సీసాలమ్మ సొంత మరుగుదొడ్డిలోకి, అత్తగారు వరండా మరుగుదొడ్డి తలుపు దగ్గరికి. అక్కడ ఆవిడ కాపలా కాసేది. ఎవరైనా తలుపు కొట్టబోతే చెయ్యి పట్టుకునేది. ఏ అత్తగారైనా, ఏ తల్లైనా సీసా పట్టుకుని లోపలికి దూరబోతే అడ్డంగా నుంచునేది. "మీకెన్నో నెల?" అని అడిగేది. అరవయ్యేళ్ల పెద్దమ్మలు కూడా ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేక వెనక్కి తిరిగేవారు. అంతటితో ఊరుకునేదా? మొదటిది వదలాలి, ఆఖరిది వదలాలి, మధ్యలోది పట్టాలి అని ఉపన్యాసమంతా అప్పజెప్పేది. తన మాటలు వేరే నోట వింటే ఎంత విసుగో సీసాలమ్మకి ఇరవయ్యారేళ్ల తర్వాత తెలిసింది.

రెండో సీసా శుభ్రంగా వచ్చింది. మూడోదీ శుభ్రమే. ఏడో నెలలో ఒకరోజు మళ్లీ చీము కనిపించింది, మళ్లీ వారం మందు పడింది. ఆ వారమంతా అత్తగారు కుట్టిన బట్టల్లో ఒక్కటీ కొలతకి సరిపోలేదని ఊరంతా అనుకున్నారు. సీసాలమ్మ ఇంట్లో క్యాలెండరు దగ్గర రోజుకి నాలుగుసార్లు నుంచునేది. ఏడో నెల వెళ్లింది. ఎనిమిది వెళ్లింది. తొమ్మిది నిండాక, నొప్పులు ఇంకా రాలేదేమిటని అందరూ విసుక్కుంటున్న రోజున, ఆడపిల్ల పుట్టింది. మూడుంబావు కిలోలు. ఏడుపు కింది అంతస్తులోని పరీక్షల గదికి వినిపించిందని సీసాలమ్మ అంటుంది. మధ్యలో రెండు అంతస్తులున్నాయి, అయినా ఆ మాట కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

పాప ఆరో వారంలో ముగ్గురూ వచ్చారు. కోడలికీ పాపకీ పరీక్షలయ్యాయి. ఇక అత్తగారి వంతు, చక్కెర మందు మొదలుపెట్టాక ఎలా ఉందో చూడాలి. సీసాలమ్మ సీసా చేతికిచ్చింది. ఉపన్యాసం ఇవ్వబోయి, ఎవరికిస్తున్నానో గుర్తొచ్చి ఊరుకుంది. వరండా మరుగుదొడ్డి ముందు వరసలో ఉన్నవాళ్లందరూ ఆవిడకి దారి ఇచ్చారు. ఇన్ని నెలలుగా తమను అదిలించిన మనిషి ఈసారి సీసాతో లోపలికి వెళుతుంటే పన్నెండు జతల కళ్లు చూశాయి.

అయిదు నిమిషాలయింది. పది అయింది. ఎవరూ తలుపు కొట్టలేదు, కొట్టకూడదని నేర్పింది ఆవిడే కదా. పావుగంటకి లోపల్నుంచి నీరసంగా, "బయట అందరూ ఉన్నారా?" అని వినిపించింది.

కోడలు పాపను భుజాన వేసుకుని తలుపు దగ్గరికి వెళ్లింది.

"రావట్లేదా అత్తయ్యా? సీసా ఇటివ్వండి, నేనిస్తాను" అన్నది.

వరసలోని వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఆ మాటలో ఏముందో తెలిసింది ముగ్గురికే. సీసాలమ్మ కిటికీలోంచి మెడ చాచింది. అప్పుడు లోపల్నుంచి నవ్వు మొదలైంది. మొదట ముక్కులోంచి, తర్వాత గొంతులోంచి, తర్వాత తలుపు అదిరేటట్టు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఏడ్చిందేమో కూడా, తలుపు అవతలి సంగతి ఎవరు చెప్పగలరు? ఆ నవ్వుతోనే ఆవిడ పని కూడా అయిపోయింది.

అత్తగారు కళ్లు తుడుచుకుంటూ వచ్చి సీసాను కిటికీ బల్ల మీద పెట్టింది. గుడ్డ చుట్టలేదు, ముడి వేయలేదు. సరిగ్గా సగం ఉంది.

సీసాలమ్మ దాన్ని వెలుగుకి ఎత్తి చూసింది. పేరు రాసింది. సంతకం పెట్టే ముందు ఇంకోసారి ఎత్తి చూసింది.